అరిస్టాటిల్‌కు ఒక పళ్ళెం గోధుమలు

లాంబ్రోస్ కూతురికి జడ వేస్తే దాన్ని విప్పడానికి కత్తి కావలసి వచ్చేది. వల అల్లే ముడి తప్ప అతనికి మరో ముడి రాదు. పొద్దున్నే ఆరేళ్ళ ఆర్గిరోను పడవ అంచు మీద కూర్చోబెట్టి, దువ్వెనను పంటితో పట్టుకుని, పాయకు పాయ బిగించి కట్టేవాడు. అటువంటి జడతో బడికి వెళితే తోటి పిల్లలు ఊరుకుంటారా? "ఏమే ఆర్గిరో, ఇవాళ నీ నెత్తిలో ఎన్ని చేపలు పడ్డాయే?" అని అడిగేవారు. ఒకసారి అందులో నిజంగానే కప్ప దొరికిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. దొరికింది మిడత.

వాళ్ళ ఊరు కలామియా. ఆఖెలోస్ నదికీ సరస్సుకీ మధ్య, రెల్లు పొదల్లో ఇరుక్కుపోయిన ఊరు. అక్కడి దోమలు ఎంత బలిసినవంటే, సాయంత్రం పూట మనుషులు వాటికి దారి ఇచ్చి పక్కకు తప్పుకుంటారు. ఆ ఊళ్ళో మగవాళ్ళు చేపలు పడతారు, ఆడవాళ్ళు తక్కినవన్నీ చేస్తారు. భార్య అసిమీనా జ్వరంతో పోయాక లాంబ్రోస్ ఆ తక్కినవన్నీ కూడా తనే చెయ్యడం మొదలుపెట్టాడు. ఊరికి మింగుడుపడనిది అదే.

అతను రేవులో బట్టలు ఉతకడానికి వస్తే ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవారు. అతను కాల్చిన రొట్టెను పడవకు లంగరుగా వాడుకోవచ్చని ఒకావిడ అంటే, వద్దు, అది నీళ్ళలో వేసినా నానదు, ఎన్నాళ్ళున్నా పైకి రాదు, లంగరు పోగొట్టుకుంటాడు పాపం అని ఇంకొకావిడ. లాంబ్రోస్ అన్నీ విని తలొంచుకుని చొక్కాలు బాదుకునేవాడు. వేటకు వెళ్ళేటప్పుడు బడి లేని రోజైతే పిల్లను కూడా పడవలో వేసుకునేవాడు. దాని నడుముకు తాడు కట్టి, ఆ తాడు రెండో కొస తన నడుముకు కట్టుకునేవాడు. పడితే ఇద్దరం పడదాం అన్నట్టు.

రాత్రిళ్ళు పిల్ల పడుకున్నాక దాని గౌను బొత్తాలు చూసుకుని, ఒకటి ఎక్కువా తక్కువా అయి ఉంటే, తనలో తను సిగ్గుపడేవాడు. ఊరు నవ్వినందుకు కాదు. ఊరు నవ్వుతున్నది నిజమేనేమోనని.

అతని అత్తగారు స్తమాత మాత్రం నవ్వేది కాదు. ఆవిడ పుట్టింది కలామియాలోనే, చేపలు పట్టేవాడి కూతురు. పెళ్ళయి కొండమీద గొర్రెల కాపరుల ఊరికి వెళ్ళింది. ఆదివారం ఆదివారం కంచరగాడిద మీద దిగి వచ్చేది. నల్ల బట్టలు, నల్ల తలగుడ్డ, చేతిలో జున్ను మూట. రాగానే పిల్లను ఒళ్ళో వేసుకుని ఆ వారం జడలన్నీ కత్తిరించడం మొదలుపెట్టేది. కోస్తూ కోస్తూ ఒకటే మాట. "పిల్లను నాకు ఇచ్చెయ్, అల్లుడూ."

"సంవత్సరీకం కానీ, అత్తయ్యా," అనేవాడు లాంబ్రోస్.

అక్కడ పద్ధతి అది. మనిషి పోయిన ఏడాదిలో ఇంట్లో ఏదీ మార్చరు. గోడకు సున్నం వెయ్యరు, మేకను అమ్మరు, పిల్లను పంపరు. ఏడాది తిరిగాక, గుళ్ళో ఆ ప్రార్థన అయ్యాక, చుట్టాలంతా కూర్చుని కాఫీ తాగి ఏది ఎవరిదో తేల్చుకుంటారు. ఆ కాఫీ లాంబ్రోస్‌కు ఏడాది ముందునుంచే గొంతులో చేదుగా ఉండేది.

ఇక్కడ క్లెయాంథిస్ మాస్టారి సంగతి చెప్పాలి.

ఆయన బడిలో చెప్పడం మానేసి చాలా కాలమైంది. బడిలో చెప్పడం మానేశాడు గాని చెప్పడం మానలేదు. పొద్దున్నే ఫోతిస్ కాఫీ కొట్టుకు వచ్చి, పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని, అరిస్టాటిల్ గురించి మొదలుపెట్టేవాడు. ఆ మహానుభావుడికి తెలియనిది లేదు అని మాస్టారి వాదన. తేనెటీగల కాపురం తెలుసు, ఇంద్రధనుస్సు ఎందుకు వంగుతుందో తెలుసు, నాటకం చూసి జనం ఎందుకు ఏడుస్తారో తెలుసు, ఏ ఊళ్ళో ఏ రకం ప్రభుత్వం ఎందుకు చెడిపోతుందో తెలుసు. కోడిపెట్ట కింద గుడ్లు వరసగా పగలగొట్టి, లోపల పిల్ల ఏ రోజుకు ఎంత తయారయిందో చూసినవాడు. ముళ్ళకాయలా ఉండే సముద్రజీవిని తిరగేసి దాని నోట్లో పళ్ళు వెతికినవాడు.

"తీరిక ఎక్కువన్నమాట," అనేవాడు ఫోతిస్, కాఫీ గిన్నె కడుగుతూ.

"నీకు తీరిక తక్కువా? నువ్వేం కనిపెట్టావోయ్?"

"మీకు అరువు ఇవ్వకూడదని కనిపెట్టాను మాస్టారూ."

దాంతో ఒక ఆట పుట్టింది. ఎవరైనా కొట్టులోకి వస్తూనే "అరిస్టాటిల్ ఏమన్నాడు?" అని ఏదో ఒక వస్తువు పేరు చెప్పాలి. ఆయన దాని గురించి ఏదైనా అని ఉంటే అడిగినవాడు మాస్టారికి కాఫీ పోయించాలి. అని ఉండకపోతే మాస్టారు పోయించాలి. జనం బుర్రలు బద్దలు కొట్టుకుని వచ్చేవారు. తుమ్ము అన్నారు, ఏనుగు అన్నారు, భూకంపం అన్నారు, తెల్ల వెంట్రుక అన్నారు, పిసినారి బావమరిది అన్నారు. పిసినారుల గురించి చెప్పాడు, బావమరిది ఎవరికి బావమరిదైనా అందులోకే వస్తాడని మాస్టారు తేల్చాడు. ఆ ఆట మొదలైన దగ్గర్నుంచీ మాస్టారు సొంత డబ్బుతో కాఫీ తాగింది బస్సు గురించి అడిగిన రోజున ఒక్కసారే. దానికి కూడా, బండి దానంతటదే కదలదనీ, దాన్ని కదిలించేది మరొకటి ఉండాలనీ అరిస్టాటిల్ ఎప్పుడో అన్నాడని చాలాసేపు పోట్లాడాడు.

లాంబ్రోస్ ఒకసారి పాములా ఉండే మలుగు చేప అన్నాడు. "బురదలో నుంచి పుడుతుందన్నాడు," అన్నాడు మాస్టారు. అవునవును, మా తాతా అదే అనేవాడు అని కొట్టంతా తలలూపింది. లాంబ్రోస్ కాఫీ పోయించాడు. అంతకుమించి అరిస్టాటిల్‌తో అతనికి ఏ సంబంధమూ లేదు, అసిమీనా సంవత్సరీకం దాకా.

ఆ రోజు గుడి నుంచి వచ్చి, ఇంట్లో చుట్టాలకు కాఫీలు పోసి, ఆ మాట వచ్చే సమయానికి లాంబ్రోస్ చెప్పాపెట్టకుండా ఫోతిస్ కొట్టుకు పారిపోయాడు. కాఫీ కొట్టు మగవాళ్ళ చోటు. ఆ గడప దాటి ఆడమనిషి లోపలికి రాదు. ఎంత కోపం వచ్చిన పెళ్ళామైనా గడప బయట నిలబడే కేకలు వేస్తుంది. లోపల మొగుడు వినపడనట్టు పాచికలు వేసుకుంటాడు. కలామియాలో చాలా కాపురాలు ఆ గడప వల్లే నిలబడ్డాయి.

స్తమాత గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అల్లుడూ, లేచి బయటికి రా."

"కాఫీ తాగుతున్నాను, అత్తయ్యా."

"నీ ముందు కప్పు లేదు. నెలాఖరుకు మందలు వేసవి మేతకు కొండెక్కుతున్నాయి. పిల్లను వాటితో తీసుకుపోతాను. దాని బట్టలు మూట కట్టు."

పాచికల చప్పుడు ఆగిపోయింది. లాంబ్రోస్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "నేను దాన్ని ఆకలితో పడుకోబెట్టలేదు," అన్నాడు.

"పెట్టలేదు. నిన్ను నేను చెడ్డవాడివి అన్నానా? నా కూతుర్ని చూసుకున్నావు, కాదనను. కానీ ఇది నీవల్ల అయ్యే పని కాదు. దేవుడు మగవాడిని దీనికోసం చెయ్యలేదు. పొట్టేలు పాలిస్తుందా? పుంజు పొదుగుతుందా? తల్లి లేకపోతే పిల్లను సాకే మగజీవం ఈ లోకంలో ఒక్కటి చూపించు. ఒక్కటంటే ఒక్కటి. చూపించావా, పిల్ల నీ దగ్గరే ఉంటుంది. మళ్ళీ నోరెత్తితే నన్ను ఆ సరస్సులో ముంచెయ్."

ఆవిడ అన్నది రాత్రిళ్ళు లాంబ్రోస్ తనలో తను అనుకుంటున్నదే. చుట్టూ చూశాడు. పొయ్యి పక్కన మాస్టారు కనిపించాడు.

"మాస్టారూ," అన్నాడు. "అరిస్టాటిల్ ఏమన్నాడు?"

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. కొంగలను దాటి, తేనెటీగలను దాటి, ఏనుగులను దాటి ఆ పెద్ద బుర్రలో ఎక్కడికో వెళుతున్నాడని అందరికీ తెలుస్తోంది. ఫోతిస్ పొయ్యి మీద కాఫీ పొంగి పోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

"వాలుగ," అన్నాడు మాస్టారు.

"ఏమిటీ?"

"వాలుగ చేప. మన చేపే, మన నదిలోదే. ఆడది గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది. గుడ్ల దగ్గర కాపలా ఉండేది మగది. పిల్లలు పెద్దయ్యేదాకా అక్కడే ఉంటుంది. ఆయన రాశాడు."

అప్పుడు నవ్వారు. కొట్టు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. ఎందుకంటే గుడ్ల దగ్గర కాపలా కాసే వాలుగను కలామియాలో పుట్టిన ప్రతివాడూ 'తల్లి' అంటాడు. తండ్రులూ తాతలూ అలాగే అన్నారు. ఎండాకాలం మొదట్లో వాలుగ చెట్లవేళ్ళ మీద గుడ్లు పెడుతుంది. పట్టేవాళ్ళు ఆ వేరును కొక్కెంతో తగిలించి మెల్లమెల్లగా లోతులేని చోటికి లాగుతారు. కాపలా చేప వేరును వదలకుండా వెంట వస్తుంది. ఏ చేప దగ్గరికి వచ్చినా కరుస్తుంది కాబట్టి, గాలానికి చిన్న చేపను గుచ్చి ఆ పక్కన ఆడిస్తే చాలు. అలా దొరికిన 'తల్లి'ని బజారులో అమ్మరు. ఊళ్ళో బాలింత ఎవరుంటే వాళ్ళింటికి పంపుతారు, పాలు పడతాయని. తల్లి పొట్ట కొయ్యకూడదని ఆ చేపకు మాత్రం కత్తి తగిలించరు. నోట్లోనుంచే లోపలిదంతా లాగి పారేసి, నిప్పుల మీద అలాగే కాలుస్తారు. కాబట్టి దాని కడుపులో ఏముందో అప్పటిదాకా ఊళ్ళో ఎవడూ చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా ఎవడికీ రాలేదు.

"తల్లి మగదట!" ఫోతిస్ కళ్ళు తుడుచుకున్నాడు. "మాస్టారూ, ఇవాళ కాఫీ నేనే పోస్తాను, ఊరికే తాగండి."

స్తమాత నవ్వలేదు. "ఈ మాట చెప్పింది ఆ పళ్ళాయనేనా?" అంది.

మాస్టారు దగ్గాడు.

"ఆడవాళ్ళకు మగవాళ్ళకన్నా పళ్ళు తక్కువని చెప్పాడట. ఫోతిస్ పెళ్ళాం చెప్పింది నాకు. ఆయనేనా?"

"ఆయనే. అది... అక్కడ కొంచెం పొరబడ్డాడు."

"కొంచెమా?" ఆవిడ గడప మీద నిలబడి నోరు ఇంతలా తెరిచింది. "రమ్మనండి, వేలు పెట్టి చూసుకోమనండి. ఈ వయసులో ఒక్కటి ఊడలేదు. కొరికితే ఆయనకే తెలుస్తుంది."

"లోకంలో ఉన్న సంగతులన్నీ నెత్తికెత్తుకున్నవాడమ్మా. ఒకటో రెండో జారిపోవా?"

"అయితే ఇది జారిపోయిన దాంట్లోది కాదని ఎవరు చెప్పాలి? మీరా?" స్తమాత అల్లుడి వైపు తిరిగింది. "రేపు పొద్దున పడవ తియ్యి. తల్లిని పట్టు. నా కళ్ళముందు పొట్ట కొయ్యి. పాపమేదైనా ఉంటే నా నెత్తిన. లోపల మగది కనిపించిందా, నేను వట్టి చేతులతో కొండెక్కుతాను. కనిపించలేదా, పిల్లతో ఎక్కుతాను."

లాంబ్రోస్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు.

మర్నాడు పొద్దున మాస్టారు కూడా వస్తానన్నాడు గాని, రేవు దాకా వచ్చి, పడవ ఊగడం చూసి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలో నిలబడిపోయాడు. "ఈత గురించి అరిస్టాటిల్ ఏమన్నాడు మాస్టారూ?" అని ఒడ్డున ఎవరో అరిచారు. "మునిగేవాడిని విసిగించవద్దన్నాడు," అని మాస్టారు అరిచాడు. ఇది ఆయన సొంత కల్పన.

పడవలో ముగ్గురే వెళ్ళారు. లాంబ్రోస్ తెడ్డు వేస్తున్నాడు, ఆర్గిరో నడుముకు తాడుతో ముందు కూర్చుంది, స్తమాత వెనక బల్ల మీద నిటారుగా, న్యాయాధిపతిలాగా. నీరు కదలకుండా ఉంది. నీటి అంచున ఒక పాత చెట్టు దగ్గర, వేళ్ళ గుబురులో, లాంబ్రోస్‌కు కావలసింది కనిపించింది. గుడ్లు అప్పటికే పగిలాయి. ఆవగింజకు తోక మొలిచినట్టున్న పిల్లలు వేరునిండా వేలాడుతున్నాయి. వాటి కింద, మట్టి రంగులో, మీసాలు ఆడిస్తూ ఒక పెద్ద వాలుగ.

అతను కొక్కెం తగిలించి వేరును లాగడం మొదలుపెట్టాడు. తొందరపడితే చేప బెదురుతుంది. తండ్రి నేర్పిన పని, నిద్రలోనైనా చెయ్యగలడు. వేరు కదిలింది, చేప కదిలింది. వేరు ఆగితే చేప ఆగుతుంది. నీళ్ళు పలచబడ్డాయి. దాని పొట్ట బురదకు రాసుకుంటోంది. వీపు నీళ్ళపైకి తేలి ఎండలో మెరుస్తోంది. అయినా వస్తూనే ఉంది.

"నాన్నా, దానికి మనం కనబడటం లేదా?" అంది ఆర్గిరో.

"కనబడుతున్నాం."

"భయం లేదా దానికి?"

"ఉంటుందమ్మా."

"మరి పారిపోదేం?"

ఇన్నేళ్ళుగా ఎన్ని వేళ్ళు లాగాడో లాంబ్రోస్‌కు గుర్తులేదు గాని, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అత్తగారివైపు చూశాడు. ఆవిడ కొండవైపు చూస్తోంది.

చిన్న చేపను గుచ్చి గాలం వేశాడు. వాలుగ ఎగబడి కరిచింది. ఒక్క లాగుతో పడవలోకి వచ్చి పడింది. మోకాలితో అదిమిపట్టి, నడుము దగ్గరి కత్తి తీశాడు. అంతే, ఒక్క గీత చాలు. ఒక్క గీత గీస్తే ఆర్గిరో తన దగ్గరే ఉంటుంది. మాస్టారి మాట మీద అతనికి అప్పటికి నమ్మకం కుదిరింది కూడా.

"నాన్నా! తినేస్తున్నాయి!"

కాపలా లేదని ఎలా తెలిసిందో, రెల్లు లోంచి గుప్పెడు బుల్లి చేపలు వేరు చుట్టూ మూగాయి. నీళ్ళు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. ఆవగింజలు కొన్ని అప్పుడే లేవు. ఆర్గిరో ఏడుస్తూ చేతులతో నీళ్ళు కొడుతోంది.

లాంబ్రోస్ కత్తి కింద పడేశాడు. గాలం ఊడదీసి, జారిపోతుందని ఆ చేపను రెండు చేతులా గుండెకు హత్తుకుని, పడవ అంచు దాకా మోసుకెళ్ళి నీళ్ళలోకి వదిలేశాడు. అది తిన్నగా వేరు దగ్గరికే వెళ్ళింది. బుల్లి చేపలు చెదిరిపోయాయి. తరువాత అతను తెడ్డుతో ఆ వేరును, వెనక్కి, లోతుకు, మళ్ళీ పాత చోటికి నెట్టుకుంటూ వెళ్ళాడు. లాగినంత నెమ్మదిగానూ.

"కొయ్యలేదేం?" అంది స్తమాత.

"కోసి చూసే లోపల ఒక్కటి మిగిలేది కాదు, అత్తయ్యా."

"ఇంకో చేపను పడతావా?"

"దానికీ పిల్లలుంటాయిగా."

"మన మాట గుర్తుందా?"

"ఉంది." తెడ్డు అందుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. స్తమాత అతన్నే చూస్తోంది. ముందు మొహాన్ని, తరువాత చొక్కాను. ఒకసారి నీళ్ళలో చెయ్యి పెట్టి దోసెడు నీళ్ళు తీసింది. ఏమనుకుందో మళ్ళీ సరస్సులో వదిలేసింది.

కొట్టులో కూర్చోవడానికి చోటు లేదు. పాచికలు పక్కన పెట్టి అందరూ ఎదురుచూస్తున్నారు. మాస్టారు తడి ప్యాంటుతో పొయ్యి పక్కన ఆవిర్లు కక్కుతున్నాడు.

"ఏమైంది? చేప ఏదీ?"

"వదిలేశాను," అన్నాడు లాంబ్రోస్. "కొయ్యలేకపోయాను. నాది ఓటమే. మాస్టారూ, మీ తప్పు లేదు. మీరు చెప్పింది నిజమే అయ్యుంటుంది, చూపించడం నాకు చేతకాలేదు." ఇంటివైపు తిరిగాడు. "మూట కడతాను, అత్తయ్యా."

అప్పుడు స్తమాత గడప దాటింది.

కొట్టంతా ఒక్కసారి లేచి నిలబడింది. కలామియా చరిత్రలో ఆ కొట్టులో మగవాళ్ళంతా ఒక్కసారిగా టోపీ తీసిన సందర్భాలు రెండే రెండు, ఒకటి రాజుగారు వచ్చినప్పుడు అంటారు, రెండోది ఇది. రాజుగారు నిజంగా వచ్చారో లేదో నాకు తెలియదు. స్తమాత మాత్రం వచ్చింది. అల్లుడి చొక్కా గుండె దగ్గర పట్టుకుని ఫోతిస్ మొహం ముందుకు లాగింది.

"ఇదేమిటో చెప్పు."

చొక్కా మీద తెల్లగా, చిక్కగా ఏదో అంటుకుని సగం ఎండింది.

"చేప జిగురు," అన్నాడు ఫోతిస్.

"చేప జిగురు తెల్లగా ఉంటుందా? నువ్వు చేపలు పట్టే ఊళ్ళో పుట్టావా, అంగడిలో కొన్నారా నిన్ను? వాసన చూడు. మా నాన్న తెచ్చిన గండుచేపలు ఎన్ని బాగుచేశానో నీకేం తెలుసు. గుడ్లు పెట్టే కాలంలో మగదాన్ని గట్టిగా పట్టుకుంటే కారేది ఇదే. మగచేప విత్తు. గుండెకు హత్తుకున్నాడు కదా, పూసిపోయింది." చొక్కా వదిలింది. గొంతు తగ్గింది. "దారిలో నీళ్ళు కొట్టి కడిగేద్దామనుకున్నాను. ఎవరికీ తెలిసేది కాదు. చెయ్యి రాలేదు."

లాంబ్రోస్ తన చొక్కాను తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు.

"మీ పళ్ళాయన ఇది సరిగ్గానే చూశాడు," అంది స్తమాత మాస్టారితో. "అడిగింది నేను కాబట్టి కాఫీ నాది. ఫోతిస్, ఆయనకొకటి, నాకొకటి. నాకు పంచదార వెయ్యకు."

ఆవిడ అక్కడే కూర్చుని తాగింది. ఏడుస్తూ తాగిందని కొందరంటారు. పొయ్యి పొగ అని ఆవిడ అంటుంది. నెలాఖరుకు మందలతో ఒంటరిగానే కొండెక్కింది. వెళ్ళే ముందు అల్లుడిని కూర్చోబెట్టి, గాడిద తోక మీద చూపించి, మూడు పాయల జడ వెయ్యడం నేర్పింది. మొదటి వారం ఊళ్ళో ఆర్గిరో కన్నా ఆ గాడిదే అందంగా ఉండేది.

ఊళ్ళో తరువాత చాలా గొడవలయ్యాయి. ఇన్నాళ్ళూ బాలింతలకు తినిపించింది తండ్రినని తేలాక, మరి పాలెలా పడ్డాయని ఆడవాళ్ళు రేవులో వాదించుకున్నారు. అయితే ఆ చేప ఇకమీదట మాకు పెట్టాలని మగవాళ్ళు. ఎవరూ ఎవరికీ పెట్టలేదు. లాంబ్రోస్ వేరు లాగడం మానేశాడు, ఒకరి తరువాత ఒకరు తక్కినవాళ్ళూ మానేశారు. రేవులో ఆడవాళ్ళు అతని పక్కన ఉతికే బండ ఖాళీగా ఉంచడం మానేసి, సబ్బు అరువు అడగడం మొదలుపెట్టారు.

లాంబ్రోస్ మాత్రం ఒక మనిషికి రుణపడ్డానని అనుకున్నాడు. ఆ రుణం ఎలా తీర్చాలో అతనికి తెలిసిన దారి ఒకటే.

మరుసటి ఏడాది లెంట్ ఉపవాసాల ముందు, చనిపోయిన ఆత్మల కోసం ప్రార్థించే శనివారం ఇంటింటివాళ్ళూ ఉడికించిన గోధుమలలో చక్కెర, దానిమ్మ గింజలు, బాదం కలిపి పళ్ళెంలో గుడికి తెస్తారు. తమవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే ఫాదర్‌కు చెబుతారు, ఆయన పైకి చదువుతాడు. లాంబ్రోస్ వరసలో నిలబడి నాన్న పేరు చెప్పాడు, అమ్మ పేరు చెప్పాడు, అసిమీనా పేరు చెప్పాడు. తరువాత గొంతు సవరించుకుని అరిస్టాటిల్ అన్నాడు.

ఆ దేశంలో ఆ పేరు గాడిదలు తోలేవాళ్ళకు కూడా ఉంటుంది కాబట్టి ఫాదర్ గెరాసిమోస్ అనుమానపడలేదు. "మీ ఇంట్లో ఆ పేరు ఎప్పుడూ వినలేదే. ఎవరాయన?"

"పిల్ల తరఫు చుట్టం, ఫాదర్."

"ఈమధ్య పోయాడా?"

"లేదండీ. కొంచెం కాలమైంది."

"బాప్తిస్మం తీసుకున్నవాడేగా?"

లాంబ్రోస్ గుళ్ళో అబద్ధం చెప్పలేడు. "ఆయన పుట్టినప్పటికి ఆ వీలు లేదండీ," అన్నాడు.

వెనక వరసలో మాస్టారు నవ్వు ఆపుకోలేక కొవ్వొత్తి ఆర్పేశాడు. ఫాదర్ ఇద్దరివైపూ చూశాడు. వాలుగ కథ వినని చెవి ఆ ఊళ్ళో లేదు, ఫాదర్‌ది సహా. కాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఆ తరువాత, పై అధికారులకు వినపడనంత మెల్లగా, దేవుడికి వినపడేంత గట్టిగా, ఆ పేరు చదివాడు.

ప్రార్థన అయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని అందరూ గోధుమలు తింటున్నారు. స్తమాత కొండ దిగి వచ్చింది. ఆర్గిరో ఒళ్ళో పడుకుని ఉంది, జడ మూడు పాయలదే, కొస మాత్రం పాత అలవాటుగా వలముడి. లాంబ్రోస్ అటు చూసి, పళ్ళెం మాస్టారికి అందించాడు.

"మాస్టారూ, ఇలా ఒకరి మేలు మరిచిపోలేకపోవడం ఉంది చూశారూ, దీని గురించి అరిస్టాటిల్ ఏమన్నాడు?"

మాస్టారు నములుతూ ఆలోచించాడు. "అన్నాడయ్యా. మేలు పొందినవాడికి మేలు చేసినవాడి మీద ఉండే ప్రేమ కన్నా, చేసినవాడికి పొందినవాడి మీద ఉండే ప్రేమే ఎక్కువని అన్నాడు."

లాంబ్రోస్ సరస్సువైపు చూశాడు, పిల్లవైపు చూశాడు, ఇంకో గుప్పెడు గోధుమలు తీసి మాస్టారి చేతిలో పోశాడు.

"పాపం, ఇక్కడ కూడా పొరబడ్డాడు మాస్టారూ," అన్నాడు. "పళ్ళ సంగతిలాగే."

స్తమాత నోరంతా తెరిచి నవ్వింది. అన్ని పళ్ళూ ఉన్నాయి.